సాల్మియాలో ఎర్ర కోటు

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్న ఏడు నేను సాల్మియాలో ఒక ఇంగ్లీషు సారు ఇంట్లో పని చేస్తుండేదాన్ని. ఆయనకొక వింత సరదా. శుక్రవారమైతే చాలు, రెండు వందల ఏళ్ల కిందటి తమ దేశపు సిపాయిలా ఎర్ర కోటు తొడుక్కొని, స్నేహితులతో ఎడారికి పోయి, ఆ కాలపు వాళ్లలాగే కట్టెల మీద వండుకు తిని, నేల మీద పడుకొని వచ్చేవాడు. అన్నీ ఉన్నవాళ్లు ఆ అవస్థ కోరి తెచ్చుకోవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంగ్లీషువాళ్లను పట్టుకుపోతున్నారని తెలిసి, సారు స్టోరు గదిలో బియ్యం మూటల వెనక దాక్కున్నాడు. ఒకనాడు ఇద్దరు ఇరాక్ సిపాయిలు వచ్చారు. సారు దేశం వదిలిపోయాడని చెప్పాను. వినకుండా బీరువా తెరిచారు. ఇత్తడి గుండీల ఎర్ర కోటు బయటపడింది.

"ఎవరిదిది? మిలిటరీదా?" అని అరబ్బీలో గద్దించారు.

మా కడప వైపు పెళ్లిళ్లలో బ్యాండు మేళం వాళ్లు అచ్చం అట్లాంటి కోట్లే వేస్తారు. "మా ఆయనది బాబా. పెండ్లిండ్లకు బాజా వాయిస్తాడు" అని, బుగ్గలు పూరించి ఊది కూడా చూపించాను. ఇద్దరూ నవ్వి, కోటు మంచం మీద పడేసి, "ఖలాస్" అంటూ వెళ్లిపోయారు.

సారు చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. నా మాటలన్నీ విన్నాడు.

"పెళ్లి బ్యాండు కోటా! ఏడాది కూర్చొని చేత్తో కుట్టాను" అన్నాడు వచ్చీరాని హిందీలో, నొచ్చుకుంటూ.

"మల్లా వస్తే ఏం జేస్తావు సారూ? బాజా ఊదేది వచ్చునా నీకు?"

"రాదు."

"అట్లయితే పో, మూటల యెనక కూర్చో పో."

కోటు చంకలో పెట్టుకొని పోబోయాడు. లాక్కొని, నా పెట్టెలో చీరల మధ్య మడిచిపెట్టాను.