కోడలి పాట

మొన్న శనివారం జగిత్యాల కాలేజీ నుంచి మనవరాలు వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. సాయం చెయ్యమంటే పక్కన కూర్చుంది కానీ, ఫోన్‌లో పాటలు పెట్టి గిన్నెకు ఆనించింది. ఛార్జింగ్ దండగ అని గదమాయించబోయి ఆగిపోయాను. ఒక మగ గొంతు, మాటల్లేకుండా, కాసేపు "ఊఁ" అంటూ ఉంది. తర్వాత పాట మొదలైంది. నా చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. ఆ గొంతు, ఆ పాట నాకు తెలుసు.

"సోల్ మ్యూజిక్ అంటరు బాపమ్మా దీన్ని, అమెరికా నల్లజాతోళ్ల పాటలు. ఈయన మొదటోళ్లల్ల ఒకడు. అప్పట్ల ఒక్కో పాట ఒక్కో చిన్న రికార్డు మీద వస్తుండెనట. ఈయనవి అన్నీ హిట్టే," అంది.

"నాకెరుకే," అన్నాను. పిల్ల నన్ను వింతగా చూసింది. మూడో తరగతితో బడి మానేసిన ముసలిదానికి అమెరికా ఆయన పాట ఎట్లా తెలుసో చెప్పాలంటే మా అత్త దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

నేను సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెల చప్పుడు మధ్య పెరిగి, కోరుట్లకు కోడలిగా వచ్చాను. పెళ్లయిన రెండో నెలలోనే మా ఆయన దుబాయి పోయాడు. అప్పుడు మా వాడకట్టులో ఫోన్లు లేవు. ఎవరైనా సెలవుకు వస్తుంటే, అక్కడివాళ్లు తమ మాటలు క్యాసెట్‌లో నింపి వాళ్ల చేతికిచ్చి పంపేవారు. మేం విని, దాని మీదే మా మాటలు రికార్డు చేసి తిరిగి పంపేవాళ్లం. మా ఇంటికి వచ్చిన క్యాసెట్ ఆయనకు క్యాంపులో ఒక సూడాన్ డ్రైవర్ ఇచ్చినది, నిండా పాటలు. పాటల క్యాసెట్ మీద రికార్డు కాకుండా అంచున చిన్న ముక్క విరిచి ఉంటుంది కదా, ఆ సందులో కాగితం మడిచి కుక్కి ఆయన తన మాటలు నింపాడు. మళ్లీ మా మాటలు, మళ్లీ ఆయన మాటలు. వచ్చిపోయిన కొద్దీ పాటలు చెరిగిపోతూ వచ్చాయి.

క్యాసెట్ వచ్చిందంటే వాడకట్టంతా మా వాకిట్లోనే. మా అత్త టేప్ రికార్డర్‌ను ముందర పెట్టుకుని కూర్చునేది. నేను వంటింటి తలుపు చాటున నిలబడేదాన్ని. ఆయన అందరినీ అడిగేవాడు. వాళ్లవ్వ, అంటే మా అత్త, మోకాళ్ల నొప్పులు, చెల్లె చదువు, పక్కింటి మామ దగ్గు. బర్రె ఈనిందా అని కూడా అడిగేవాడు. నన్ను మాత్రం అడిగేవాడు కాదు. అంతమంది మధ్య పెండ్లాం పేరెత్తడానికి సిగ్గని నాకూ తెలుసు. కానీ ప్రతిసారీ బర్రె దాకా వచ్చేసరికి, ఇక తర్వాత నేనే అనుకునేదాన్ని. ఆయన "ఉంటనే అవ్వా" అనేవాడు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే మా అత్త టక్కున బంద్ చేసేది. సెల్లులు అరిగిపోతాయని ఆమె భయం. విన్నాక వాటిని తీసి గోడ మీద ఎండబెట్టేది. పొదుపు నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. బర్రెకున్నపాటి గుర్తింపు నాకు లేదా అని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఎన్నిసార్లు ఏడ్చానో.

ఒకసారి క్యాసెట్‌ను బోయినపల్లి మనిషి తెచ్చాడు. మా ఆయనా అతనూ ఒకే రూంలో ఉండేవారు. అలవాటు ప్రకారం అత్త బంద్ చేయబోతే, అతను చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆగు పెద్దమ్మా. ఇంకోటున్నది," అన్నాడు.

"ఇంకేమున్నది? ఉంటనన్నడు గద."

"ఆఖర్ల ఒక పాటున్నది. దాని మీద ఎవ్వల్నీ మాట్లాడనియ్యడు నీ కొడుకు. గా పాట నా పెండ్లాందిరా అంటడు."

వాకిలంతా నవ్వింది. "బర్రె కంటే ముంగటనే ఉన్నవే పిల్లా," అని పక్కింటి అత్త తలుపు చాటుకు వినబడేట్టు అంది. మా అత్త ఒక్కతే నవ్వలేదు. టేప్ బంద్ చేసి లోపల పెట్టేసింది. అందరి ముందర అట్లా అన్నందుకు కోపమొచ్చిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. అత్త బజారు నుంచి వచ్చి, కొంగు ముడి విప్పి కొత్త సెల్లులు తీసింది. ఎండబెట్టినవి కావు, కొత్తవి. టేప్‌లో వేసి నా చాట పక్కన పెట్టి, "నేను మా అక్కోళ్లింటికి వోయొస్త. ఆఖర్దాక విను," అని నా మొహం చూడకుండానే వెళ్లిపోయింది. ఆ పూట ఆ పాటను సెల్లులు నీరసించి, గొంతు సాగేదాకా విన్నాను. ఒక్క మాట అర్థం కాలేదు. బీడీలు మాత్రం తొందరగా అయ్యాయి, దాని డప్పు మా సిరిసిల్ల సాంచెల లెక్కనే ఉండేది.

తర్వాత జవాబు నింపుతుంటే పక్కింటి అత్త తన కొడుకు సంగతులు ఎంతకీ ఆపలేదు. మా అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇగ బంద్ చెయ్. ముంగట కోడలి పాటున్నది." అంగుళం దారం వృథా కానివ్వని మనిషి, అంత టేపు నా కోసం ఖాళీగా వదిలింది. ఆయన తిరిగి వచ్చేదాకా ఆ పాట మీద ఎవరి గొంతూ పడలేదు. అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న దేన్నీ నేను అంత గర్వంగా దాచుకోలేదు.

ఇదంతా విని మనవరాలు పకపకా నవ్వింది. "బాపమ్మా, ఆ పాటల ఆయన ఆమెను పొమ్మంటున్నడే. తలుపేస్తున్న, మళ్ల రాకు అంటున్నడు."

నేను వాకిట్లో ఆ పక్కనున్న మంచం వైపు చూశాను. మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు కానీ నిద్రపోలేదు.

"నాకేమెరుక బిడ్డా," అన్నాడు. "పాట సురువుల ఆయన ఊఁ అనుకుంట ఉంటడు సూడు, ఏమనాల్నో తెల్వనట్టు. మీ బాపమ్మతోని మాట్లాడుదామంటే నాకు గట్లనే అయితుండె."

మనవరాలు పాటను మళ్లీ మొదటికి తెచ్చింది. ఛార్జింగ్ సంగతి నేనెత్తలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. ఆ క్యాసెట్ కూడా ఎప్పుడో బూజు పట్టిపోయింది. ఇన్నేళ్ల కాలం మా అందరి మాటల మీద తన మాటలు నింపుకుంటూనే పోయింది కానీ, మా అత్త పక్కింటామె చెయ్యి పట్టుకుని ఆపిన ఆ పాట దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగే ఉంది.