కాసుల కత్తి కట్టిన రువాన్ పిన్ని

మా షావోషింగ్‌లో ఏ ఇంట్లో దయ్యం తిరుగుతోందన్నా, ఆ ఇంటివాళ్లు ముందు పరుగెత్తేది మా పక్కింటి రువాన్ పిన్ని దగ్గరికే. నలుపలకల చిల్లులున్న కంచు కాసులను ఎర్రదారంతో గుచ్చి కత్తి కట్టేది. గుమ్మానికి వేలాడదీస్తే దయ్యం లోపలికి రాదు. కాసులన్నీ కాంగ్‌షీ చక్రవర్తి నాటివే కావాలి. అరవై ఏళ్లు ఏలినవాడి పేరంటే చచ్చినవాళ్లకూ భయమే. తిరుగుబాటు రోజుల్లో పోసిన పల్చటి కాసులు ఎవరైనా తెస్తే కసిరేది.

"ఇవి నీళ్లమీద తేలతాయి గానీ దయ్యాన్ని ఆపుతాయా? ఉప్పు కొనుక్కో పో!"

పిన్ని కూతురు త్స్వేగూ తొలికాన్పులో బిడ్డతో సహా పోయింది. అలా పోయినవాళ్లు, నొప్పులు పడే ఇంకొకత్తెను తమ చోటికి లాగితేగానీ విడుదల కారంటారు. ఊరంతటికీ కత్తులు కట్టిన పిన్ని తన గుమ్మానికి మాత్రం కట్టుకోలేదు. మరిచిపోయిందనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది!

తరువాతి ఏడు కోడలు లియెన్‌కు నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం దాటినా బిడ్డ బయటపడలేదు.

"అత్తయ్యా! కిటికీ దగ్గర వదిన నిలబడింది. ఊరందరికీ కట్టారు, నాకు కట్టరా?" అని కేకలు పెట్టింది.

పిన్ని కట్టడానికి కూర్చుంది. నేను దారం పట్టుకున్నాను. మధ్యలో ఒక పల్చటి కాసు చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని ఆగిపోయింది. దాన్ని గుచ్చితే ఆ ఒక్క సందు చాలు, కూతురు లోపలికి రావడానికి.

"పిన్నీ, లోపలున్నదీ ఒకమ్మ కన్న బిడ్డే," అన్నాను.

పల్చటి కాసు పక్కన పెట్టేసింది.

కత్తి వేలాడదీసి, బాలింతలకు పెట్టే బెల్లంనీళ్లలో ఉడికించిన గుడ్ల గిన్నె పట్టుకుని, వానలో గడప బయట కూర్చుంది.

"రాకే తల్లీ. నేనే కట్టాను, నన్నే తిట్టుకో. ఇదిగో తిను. ఆవేళ నీకు పెట్టుకోలేకపోయాను."

పొద్దుగూకక ముందే మగపిల్లాడు కేరుమన్నాడు. లియెన్ బతికింది. మనవణ్ణి చూద్దువు రమ్మని పిలిచాను.

"నా బిడ్డను రానివ్వని గుమ్మం నేనెట్లా దాటేది?" అంది.

బతికినన్నాళ్లూ వాకిట్లో కట్టెల కొట్టంలోనే పడుకుంది. మనవణ్ణి గడప ఇవతలే ఎత్తుకునేది. రెండు గిన్నెల్లో అన్నం పెట్టించుకునేది. రెండూ ఖాళీగానే తిరిగొస్తున్నాయని లియెన్ నా దగ్గరికొచ్చి చెప్పింది.

కుక్క తినుంటుందిలే అన్నాను, వాళ్లకు కుక్క లేదని తెలిసీ.