వెయ్యేండ్ల గడప

హనుమకొండలో సీతాఫలాల గుట్ట ఎక్కే కొత్తవాళ్లు మొదటి మలుపు తిరిగేలోగా పండరి చేతికి చిక్కుతారు. జంపఖానాలు నేసే పండరి తొమ్మిదో తరగతి సగంలోనే బడికి దండం పెట్టాడు. అయినా చరిత్రలో గుట్ట మీద అతన్ని మించినవాడు లేడు, ఎందుకంటే ఆ చరిత్ర తయారయ్యేది అతని దగ్గరే. ఉన్న నూట పన్నెండు మెట్లు అతని నోట్లో మూడు వందల అరవై ఐదు. నీళ్ల ట్యాంకు కింద కాకతీయుల ఏనుగుల స్నానాల గది ఉంది. మొగిలమ్మ ఇంటి పక్క బండసందులో దూరితే ఓరుగల్లు కోటలో తేలవచ్చు. తాను సగం దూరం వెళ్లాడు కూడా. అవతలి నుంచి ఎవరో దగ్గితే మర్యాదగా వెనక్కి వచ్చేశాడు.

ఈ మే నెలలో మాత్రం కథలకంటే పెద్ద పని పడింది. వాన పడితే గుట్ట నీళ్లన్నీ అతని ఇంట్లోకే దిగుతాయి. కిందటేడు మగ్గం మీది పడుగు దారాలు మురిగి, రెండు నెలలు నేత ఆగింది. అందుకని మగ్గాన్ని మీదికి ఎక్కించడానికి మేడగది కడుతున్నాడు. స్లాబు రేపే. ఇసుక, కంకర, సిమెంటు మనుషుల నెత్తిన మెట్లెక్కాయి. ఇరవై మంది కూలీలు మాట ఇచ్చారు. స్లాబు దావత్‌కు భార్య నవనీత మసాలా నూరుతోంది.

సాయంత్రం నాలుగింటికి మెడలో కెమెరాతో ఒకాయన రొప్పుతూ ఎక్కి వచ్చాడు. పేరు ఉమాకాంత్. ఊరికే గుట్ట చూద్దామని వచ్చానన్నాడు. పండరికి అంతకంటే ఏం కావాలి? ఏనుగులను, సొరంగాన్ని చూపించి, చివరికి తన ఇంటి ముందు నిలబెట్టాడు.

"ఇగ ఇది మా గడప సార్. రాయిల పువ్వు చూడుర్రి. వెయ్యేండ్లది. మా తాతల తాత నేసిన జంపఖానా నచ్చి రాజే ఇచ్చిండు."

"ఇంకా ఉన్నయా ఇట్లాంటివి?"

"పునాది తవ్వితే స్తంభాలే తేలినయ్ సార్. మళ్ల కప్పెట్టినం."

ఉమాకాంత్ అన్నీ రాసుకుని, ఫొటోలు తీసి, జేబులోంచి కార్డు బయటికి తీశాడు. పాత కట్టడాలను కాపాడే ఆఫీసులో ఉద్యోగం.

"మంచి ముచ్చట చెప్పినవ్. మావోళ్లు తవ్వి చూసేదాక ఇక్కడ ఇటుక కదలొద్దు."

"ఎన్ని రోజులు సార్?"

"ఫైలు జల్ది కదిలితే రెండేండ్లు."

పండరి ఆయన నోటుబుక్కుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, నేను చెప్పిందంతా అబద్ధం."

"స్లాబు కోసం ఇప్పుడు అబద్ధమాడుతానవ్."

ముప్పై ఏళ్లుగా గుట్ట మీద ఒక్కరూ అతన్ని నమ్మలేదు. నమ్మేవాడు స్లాబుకు ముందురోజే రావాలా? మసాలా చేత్తోనే నవనీత బయటికి వచ్చింది. "ఈయన నోట్ల నిజమొచ్చి చానా ఏండ్లయితాంది సార్" అంది. ఇంటిమనిషి మాట చెల్లదన్నాడు ఆయన.

పండరి మొగిలమ్మ గుమ్మానికి పరుగెత్తాడు. "చిన్నమ్మా, నేను అబద్ధాలకోర్నని సార్‌కు జర చెప్పవే."

"నువ్వు సత్యవంతునివి గద కొడుకా. సొరంగం చూడొచ్చినోళ్లు నా కొత్తిమీర మడి మొత్తం తొక్కిరి. ఆ సొరంగం యాడికెల్లి వచ్చిందో అందరు వినేటట్టు చెప్పు, వస్త."

"నా నోట్లకెల్లే వచ్చింది చిన్నమ్మా."

పండరి అబద్ధాలకోరని రాసిన కాగితం మీద ముగ్గురి సంతకాలు చాలనుకుంటే పదకొండు మంది వరుస కట్టారు. అంత ఉత్సాహం వాళ్లు ఓటు వేయడానికి కూడా చూపలేదు. ఉమాకాంత్ మెత్తబడలేదు.

"మీరంత రేపు దావత్ తినేటోళ్లే. పువ్వయితే అబద్ధం కాదు గద. ఎవరు చెక్కిండ్రు?"

మెట్ల కింద పంక్చర్ల దుకాణం నడిపే కరీముద్దీన్ అప్పటిదాకా వెనకే నిలబడి, ఇప్పుడు ముందుకు వచ్చాడు.

"మా అబ్బా చెక్కిండు సార్. వర్ధన్నపేట గుడి ద్వారానికి. ఆఖరి రేకు కాడ పగిలింది. గుడికి పనికిరాదని పండరన్నోళ్ల నాయినకు ఇచ్చిండు. పక్క అంచుకు అబ్బా పేరు ఉర్దూల ఉంటది."

ఉమాకాంత్ మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, వేలితో తడిమాడు. పేరు ఉంది. నోటుబుక్కులో రెండు పేజీలు కొట్టేసి, పండరితో సంతకం పెట్టించుకుని మెట్లు దిగిపోయాడు.

"పదేండ్ల సంది మా అబ్బా పువ్వును రాజులకు ఇస్తానవ్ అన్నా" అన్నాడు కరీముద్దీన్ మెల్లగా.

"రాజులదంటేనే చూస్తరు తమ్మీ."

"అబ్బాదని ఒక్కపారి చెప్పి చూసినవా?"

పండరి వంగి, గడప పక్క అంచున ఉన్న ఉర్దూ అక్షరాల మీది దుమ్ము తుడిచాడు.

మర్నాడు పొద్దున స్లాబు మొదలైంది. మొదటి తట్ట ఇంటి పెద్ద పోయాలి. పండరి పోయలేదు. దుకాణం మూయించి కరీముద్దీన్‌ను మీదికి పిలిపించాడు.

"ఈయన మీకేమైతడు?" అడిగాడు మేస్త్రీ రాజమల్లు.

పండరి నోరు తెరిచాడు. ఏడు తరాల కథ ఒకటి అప్పటికే నాలుక మీదికి వచ్చి కూర్చుంది. నవనీత చూస్తోంది.

"మా గడప చెక్కినాయన కొడుకు" అని, తట్ట అందించాడు.