భిన్నాలు దాటని ఆరో తరగతి

జనగామ స్టేషన్‌లో పొద్దున ఏడు గంటల రైలెక్కాను. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో పాలిథిన్ కవరు చుట్టిన చార్టు. 2012లో దసరా సెలవులు అయిపోయిన మరుసటి వారం అది. నారాయణగూడలోని ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పోస్టుకు డెమో ఇవ్వాలి. డెమో అంటే పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించడం. నచ్చితే ఉద్యోగం.

జనగామలో నేను ఎనిమిదేళ్లుగా చెబుతున్న స్కూల్లో పోయిన జూన్‌లో క్లాసుల్లోంచి కుర్చీలు తీయించేశారు. కూర్చుంటే టీచర్లు బద్ధకిస్తారట! ఏడు పీరియడ్లు నిలబడి ఇంటికొస్తే కాళ్లు నావి కావు. అయినా పాఠం చెప్పడం మానబుద్ధి కాదు, నా ఖర్మ. ఈ ఉద్యోగం వస్తే సరే, రాకపోతే ఈ వృత్తికో దండం అని ఒట్టు పెట్టుకుని బయలుదేరాను.

ఆలేరులో ఒక పెద్దమ్మ జామకాయల గంపతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అంది. టీచర్నన్నాను. ముఖం వెలిగింది. "సర్కారా, ప్రైవేటా?"

"ప్రైవేటే."

"అయ్యో!" అని ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. చావుకబురు విన్నట్టే అంది ఆ 'అయ్యో'.

తొమ్మిదింటికి సికింద్రాబాద్. అక్కడ కోఠి బస్సెక్కి ముషీరాబాద్ మీదుగా చిక్కడపల్లిలో దిగాను. ఇడ్లీ బండి దగ్గర స్వరూప ఎదురుచూస్తోంది. మా స్కూల్లోనే సైన్సు చెప్పేది. రెండేళ్ల కింద మానేసి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. పగలంతా లైబ్రరీలోనే.

"ఇంకా గా చార్టులు మోస్తనే ఉన్నవా సుజాతా?" అని నవ్వింది. "మా రూముల నలుగురం ఉన్నం, నలుగురం టీచర్లమే. అందరం కలిసి ఓ స్కూలే పెట్టుకోవచ్చు. సదువు చెప్పుడు బంద్ పెట్టి సదువుకుంటున్నం."

"అందరూ మీలాగే పోతే పిల్లల గతేంది?" అన్నాను.

"నీ కాళ్ల గతేందే ముందు?" అంది. నేను ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాను. చట్నీ మాత్రం బాగుంది.

నారాయణగూడకు నడిచే వెళ్లాను. పదకొండింటికి ఆరో తరగతిలోకి పంపారు. ముందుగా కుర్చీ కోసం చూశాను. ఇక్కడా లేదు. ప్రిన్సిపాల్ మేడం వెనక బెంచీలో కూర్చుంటే నేను చార్టు తగిలించాను. భిన్నాల పాఠం. నాలుగు ముక్కలు చేసిన రోటీ బొమ్మలో మూడు ముక్కలకు రాత్రంతా కూర్చుని రంగులు వేశాను. నేను నోరు తెరిచేలోపే క్లాసంతా ఒక్క గొంతుతో "త్రీ బై ఫోర్ మిస్!" అని అరిచింది. అబ్బ, ఎంత చురుకైన పిల్లలు! నా ఆనందానికి హద్దు లేదు. ఇంతలో మేడం ఫోనొచ్చి బయటకు వెళ్లారు.

"అడగకముందే ఎట్లా చెప్పారమ్మా?" అన్నాను.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మిస్, దసరాకు ముందు సంది గిదే కోస్తున్నం. నిన్నటి మిస్ పిజ్జా కోసింది. మొన్నటి సార్ యాపిల్ కోసిండు."

"మీ లెక్కల మిస్ ఏరీ?"

"మానేసింది మిస్. ఇగ రోజుకొక మిస్ వచ్చి డెమో చెప్పి పోతది. డెసిమల్స్ ఎవ్వరు చెప్పలే. వచ్చే వారం పరీక్షల వస్తయట."

ఒళ్లు మండిపోయింది. ఖాళీ అయిన పోస్టును డెమోలతో నడిపిస్తున్నారన్నమాట. డెమోకు జీతం ఇవ్వక్కర్లేదుగా! చార్టు తిప్పి, వెనక తెల్లవైపున పది గళ్లు గీసి దశాంశాలు మొదలుపెట్టాను. సగం రోటీ సున్నా పాయింట్ ఐదు ఎలా అయిందో చెప్పాను. మధ్యలో మేడం తిరిగొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గంట కొట్టేసరికి పిల్లలు కూడికలు చేస్తున్నారు. ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి, "రేపు గూడ మీరే వస్తరా మిస్?" అంది. తల నిమిరి బయటకొచ్చేశాను.

"టీచింగ్ మంచిగనే ఉంది," అన్నారు మేడం. "కానీ ప్రిపేరైన టాపిక్ వదిలేసిండ్రు. రేపు ఎయిత్ క్లాసుకు ఇంకో డెమో ఇయ్యండి, చూద్దాం."

"అసలు ఎవర్నైనా తీసుకుంటారా మేడం?"

"డెమోలు నడుస్తున్నయి కదా, తొందరేంది?"

గేటు దగ్గర ఒక అమ్మాయి వాచ్‌మన్‌తో మాట్లాడుతోంది. ఆమె చంకలోనూ చుట్టిన చార్టే. రేపు ఆరో తరగతికి ఆమె డెమో అట. దారి చూసుకోవడానికి ముందే వచ్చింది. జరిగిందంతా చెప్పి, "దశాంశాల్లో తీసివేత చెప్పమ్మా, పుణ్యముంటది," అని బతిమాలాను.

"అమ్మో, నాతోని కాదక్కా. బీఈడీల మాతోని ఒక్క పాఠమే మంచిగ చెప్పించిండ్రు. గది గీ భిన్నాలే," అంది బెదిరిపోతూ. చార్టు కొంచెం విప్పి చూపించింది. కేకు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. స్కూల్లో దొరకని కుర్చీ నాకు అక్కడ దొరికింది. స్వరూపకు ఫోన్ చేసి, రూములో చోటుందా అని అడిగాను. వెక్కిరిస్తుందనుకున్నాను. "రా, ఐదో మంచం ఏసుకుందాం," అంది మెల్లగా. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నారాయణగూడకు డెమోకు వెళ్లబోయే లెక్కల టీచర్లకు నాలుగు మాటలు చెబుతాను. సికింద్రాబాద్‌లో కోఠి బస్సెక్కండి. టిఫిన్ చిక్కడపల్లిలో తినండి. రోటీ బొమ్మ వేసుకెళ్లకండి. ఆ ఆరో తరగతికి దశాంశాల్లో కూడిక అయింది, తీసివేత నుంచి మొదలుపెట్టండి.