కర్ర బొమ్మ బిళ్ల

మనిషికి సిగ్గు తక్కువగా, ధైర్యం ఎక్కువగా ఉండే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు గోదావరిఖని బొగ్గుబాయి కాలనీలో, కొత్త కాపురంలో వచ్చింది. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గానీ కబడ్డీ వచ్చు. కాసిపేట దగ్గర మా పల్లెలో, కోతలైన చేలల్లో మగపిల్లలతో కలబడి నేర్చుకున్న ఆట అది. (పెళ్లిచూపుల్లో మా అమ్మ ఈ సంగతి చెప్పలేదు. వంట బాగా వచ్చని మాత్రం చెప్పింది. తిరగేసి, ఆట వచ్చు వంట రాదని చెప్పి ఉంటే రెండూ నిజమయ్యేవి.) కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే కాలనీ ఆడపిల్లల్ని పోగేసి సాయంత్రాలు ఆట నేర్పడం మొదలుపెట్టాను.

కాలనీ ఆటల క్లబ్బుకు పెద్ద సర్దార్ కాక. బాయిలో ఆయన సర్దారు, అంటే కింద పనిచేసే మనుషుల మీద పెద్ద. పైకి వచ్చాక కూడా ఆ పెద్దరికం దిగేది కాదు. మా పల్లె మనిషే కనుక నాకు చిన్నాన్న వరసై కాక అయ్యాడు. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉండేది. బాయిలో దానితో, ఊడిపడుతుందేమోనని పైకప్పును తట్టి చూస్తాడు, బయట మనుషుల్ని. నన్ను కూడా తట్టి చూశాడు.

“మన్ను చూసినవా బిడ్డా, అంత బొగ్గుపొడి, రాళ్లు. రోజు రాళ్లేరి నీళ్లు జల్లకపోతే పిల్లల మోకాళ్లు మిగలయి. మగపోరగాండ్లకు చేసేటోళ్లే దొరుకుతలేరు. నీ పిల్లలకు నువ్వే మనుషులను తెచ్చుకో. పక్క కాలనీతోటి పోటీ దాక వాళ్లు నిలవడితే సరే. లేకుంటే మీ ఆట బంద్. ఆ జాగ వాలీబాల్‌కు ఇస్త.”

తేవడం కష్టం కాలేదు. మిరపకాయ బజ్జీలు వేస్తానంటే వరసలు కలుపుకుని మరీ వచ్చారు. ఉంచడమే నా వల్ల కాలేదు. బజ్జీలు అయిపోగానే మనుషులూ అయిపోయేవారు. ఒకాయనకు షిఫ్టు మారేది, ఒకాయనకు నడుం పట్టేది. ఒకాయనకైతే అత్త చచ్చిపోయింది. మర్నాడు ఆ అత్తే మా వాకిట్లోకి వచ్చి, బజ్జీల్లో ఉప్పు ఎక్కువైందని చెప్పిపోయింది (అల్లుడు ఇంటికి కూడా మూట కట్టాడన్నమాట).

ఇలా ఉండగా ఒక రోజు మా ఆయన డ్యూటీ నుంచి ఆలస్యంగా, ఆకలి మీద వచ్చాడు. ఆయనది బాయి మీద దీపాలిచ్చే గదిలో పని. దిగే ప్రతి మనిషీ అక్కడ ఒక ఇత్తడి బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక దాన్ని మళ్లీ మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అప్పుడిక ఎవరూ ఇంటికి పోరు. ఆ రోజు ఒక బిళ్ల తక్కువైందట. బాయంతా వెతికాక ఆ మనిషి తన ఇంట్లో తలంటు పోసుకుంటూ దొరికాడు. బిళ్ల ప్యాంటు జేబులో ఉంది.

“తిట్టిన్రా వాన్ని?” అన్నాను.

“మాదాక ఏడ రానిచ్చింది? వాని పెండ్లామే కొట్టింది.”

అన్నం గరిటె నా చేతిలోనే ఆగిపోయింది.

మర్నాడు పాత నూనె డబ్బా కోసి బిళ్లలు చేశాను. పేర్లు రాయడం రాదు కనుక మేకుతో బొమ్మలు గీకాను. మీసాలాయనకు మీసం, పొడుగాయనకు నిచ్చెన, అత్త చచ్చినాయనకు బజ్జీ. సర్దార్ కాక అడగకపోయినా ఒక కర్ర బొమ్మ బిళ్ల చేశాను, పెద్దమనిషిని వదిలేస్తే బాగుండదని. క్లబ్బు గదిలో ఒక చెక్కకు మేకులు కొట్టి వాటిని వరసగా తగిలించాను. పనికి వచ్చినవాడు తన బిళ్ల తీసుకోవాలి, పని అయ్యాక తగిలించి పోవాలి. అంతే కట్టడి. కాకపోతే వాళ్లు బిళ్లలు తీసుకోగానే నేను గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకునేదాన్ని.

“వదినా, తాళం తియ్యి. బిళ్ల పెట్టి పోత.”

“ఆ మూల ఇంకా తడవలే కద తమ్మీ.”

“గిది నూనె డబ్బ ముక్క. జేబుల ఏసుకొని పోతే ఏమైతది?”

“ఏం కాదు. పో మరి.”

పోలేకపోయేవాడు. రెండడుగులు వేసి, జేబు తడుముకుని, గొణుక్కుంటూ బిందె ఎత్తేవాడు. మీసాలాయన ఒక్కడు మొండికేసి వెళ్లాడు. వాళ్లావిడ గడప దగ్గరే ఆపింది. “బిళ్ల ఇంటికి తెచ్చినవా? పోయి పెట్టి రా. అప్పుడే బువ్వ.” తిరిగి వచ్చాడు. వచ్చాడు కదా అని ఇంకో రెండు బిందెలు చల్లించాను.

సర్దార్ కాకకు ఇదంతా నవ్వులాట. “డబ్బ ముక్కలతోటి మనుషులను ఆపుతదట” అని చాయ్ దుకాణంలో చెప్పుకునేవాడు.

పోటీ రోజు రానే వచ్చింది. రెండు కాలనీల జనం గ్రౌండు చుట్టూ కూర్చున్నారు. పని ముగించి మా వాళ్లు బిళ్లలు తగిలించారు, ఆట మొదలైంది. మా పిల్లలు ముందున్నారు కూడా. ఇంతలో మంచినీళ్ల కుండ కోసం గదిలోకి వెళ్లిన నిచ్చెన బిళ్లాయన తెల్లబోయిన ముఖంతో బయటికి వచ్చాడు.

“ఒక మేకు ఖాళీ ఉన్నది.”

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో అంత తొందరగా గ్రౌండంతా పాకింది. పక్క కాలనీ మగవాళ్లు కూడా లేచి నిలబడ్డారు, వాళ్లూ బాయి మనుషులే. సర్దార్ కాక కర్ర ఎత్తాడు.

“ఆట ఆపున్రి. మనిషి ఏడున్నడో తెల్వాలె.”

నేను వెళ్లి చూశాను. మీసం ఉంది, నిచ్చెన ఉంది, బజ్జీ ఉంది. లేనిది కర్ర (మేకుల మీద గుర్తుల్లేవు, ఏ బిళ్ల పోయిందో నాకే తెలిసింది). పొద్దున ఈల కోసం కాక ఆ గదిలోకి వెళ్లడం నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా అలవాటు పడ్డ చెయ్యి, మేకు కనిపిస్తే ఊరుకుంటుందా? బయటికి వచ్చి చూస్తే ఆయన తెల్లచొక్కా జేబులో గుండ్రంగా ఒకటి కనిపిస్తోంది.

చెబుదామనే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే కాక, “వెతకబోయేటోళ్లు ముందటికి రాండ్రి” అన్నాడు. ఎన్నడూ గ్రౌండు వైపు తొంగిచూడనివాళ్లు కూడా పంచెలు ఎగ్గట్టుకుని వచ్చి నిలబడ్డారు. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“కాకా, వీళ్లకు గూడ బిళ్లలియ్యాలె కద? వీళ్లల్ల ఎవడన్న తప్పిపోతే?”

“మంచి మాటన్నవ్ బిడ్డా. ఇయ్యి.”

బొమ్మలు గీకని బిళ్లలు ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. తెచ్చి ముఖం ముఖం చూసి పంచాను.

దవాఖాన చూశారు, బస్టాండు చూశారు, కల్లు దుకాణంలో మరీ శ్రద్ధగా చూశారు. ఒట్టి చేతులతో వచ్చారు. అప్పటికి కాక గొంతు తగ్గిపోయింది. “ఎవ్వని ఇంటోడో” అని తనలో తాను అనుకుంటున్నాడు. అది విన్నాక నా అల్లరి అక్కడితో చచ్చింది.

“కాకా, నీ జేబుల చూస్కో” అన్నాను.

తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొమ్మలో ఉన్న కర్రను, చేతిలో ఉన్న కర్రను మార్చి మార్చి చూశాడు. చివరికి పక్క కాలనీ పెద్దమనిషి అన్నాడు: “మనిషి దొరికిండు. ఆట షురూ చెయ్యున్రి.”

ఆ నవ్వులన్నీ చల్లారేదాకా ఆగి కాక నన్ను అడిగాడు. “అయితే నేను దిగినట్టేనా?”

“దిగినట్టే కాకా. గా మూలకు నీళ్లు జల్లితే పైకొస్తవ్.”

రెండు కాలనీల ముందు ఆయన బిందె ఎత్తాడు. మా పిల్లలు ఓడిపోయారు లెండి (ఆ వెతుకులాటలో అవతలి పిల్లలకు ఊపిరి తీసుకునే సందు దొరికింది). కానీ ఆట బంద్ కాలేదు. ఆ రోజు బిళ్లలు తీసుకున్నవాళ్లు మర్నాడు వాటిని తిరిగివ్వడానికి వచ్చారు. గదికి తాళం వేసి ఉంది.

కాక ఉద్యోగం అయిపోయి క్వార్టరు ఖాళీ చేసిన రోజున, ముందుగా గ్రౌండుకు వచ్చాడు. చివరిసారి బిళ్ల తగిలించి, “పైకొచ్చిన బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు గ్రౌండు పనికి మనుషుల్ని ఫోనులోనే పిలుస్తున్నారు. అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు, ఇద్దరు వస్తారు. యాభై దాటాక మా కోడలు దగ్గర కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. అందరికీ బిళ్లలు చేసి నాకే చేసుకోలేదని మొన్న గుర్తొచ్చి, ఒక డబ్బా ముక్క కోసి, ఈసారి దర్జాగా పేరు రాద్దామని కూర్చున్నాను. చెయ్యి మాత్రం తాళంచెవి బొమ్మే గీసింది.

“పేరు రాయవా అత్తమ్మా? తగిలిస్త ఇయ్యి” అంది కోడలు.

ఇవ్వలేదు. కొంగున ముడివేసుకున్నాను. ఆ మూల ఇంకా తడవలేదు కదా.