చిన్నాన్న రెండు చెంపలు

నా చిన్నప్పుడు, ఇల్లెందులో మేమున్న బొగ్గుగని క్వార్టర్లో, పొద్దున్నే మా చిన్నాన్న గడ్డం గీసుకోవడానికి కావలసినవన్నీ సిద్ధం చేసే పని నాది. బొగ్గుల పొయ్యి మీద కాగిన నీళ్లు గిన్నెలో పోసి, సబ్బు, బ్రష్షు, పటిక ముక్క అరుగు మీద పెట్టేదాన్ని. ఆయన గీసుకున్నంతసేపూ అద్దం పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి నొప్పి పుట్టినా దించేదాన్ని కాదు.

చిన్నాన్నకు రోజూ గడ్డం గీసుకోక తప్పేది కాదు. గనిలో మంట లేచినా, విషపు గాలి కమ్మినా ముందుగా దిగే రెస్క్యూ జట్టులో ఆయన ఉండేవాడు. ముఖానికి తొడుక్కునే మాస్కు చర్మానికి గట్టిగా అతుక్కోవాలి. గరుకు గడ్డం మిగిలితే ఆ సందులోంచి చెడుగాలి దూరుతుందని ఆయన మా అమ్మకు చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి ఆ అద్దం పట్టుకోవడం నాకు చాలా పెద్ద పనిగా అనిపించేది.

అప్పట్లో ఆయన దగ్గర బరువైన పాత రేజరు ఒకటి ఉండేది. పైమూత, పళ్ల పలక, పిడి విడివిడిగా ఊడి వచ్చేవి. బ్లేడు ఆయనే పెట్టుకునేవాడు. పిడి తిప్పి బిగించడం మాత్రం నా వంతు. దాని బరువే గడ్డాన్ని తెంపేది, నొక్కనక్కర్లేదు. కానీ బ్లేడు అంచు కాస్త ఎక్కువగా బయటికి ఉండడం వల్ల చెయ్యి తొట్రుపడితే దవడ దగ్గర తెగేది. అప్పుడు పటిక అందించేది కూడా నేనే.

ఆ ఏడు ఎండాకాలంలో చిన్నాన్న పెళ్లయింది. చిన్నమ్మది భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. వచ్చేటప్పుడు ఆయన కోసం కొత్త రేజరు కొని తెచ్చింది. తళతళలాడుతూ, తేలిగ్గా ఉండేది. పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకునేవి. బ్లేడు అందులో పడేసి మళ్లీ తిప్పితే చాలు. బిగించడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మర్నాడు నేను లేచి వచ్చేసరికి గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. అద్దం చిన్నమ్మ చేతిలో ఉంది.

అరుగు చివర నిలబడి చూశాను. ఆ రోజు అన్నం సహించలేదు. అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను. ఆయన నవ్వుతూ చిన్నమ్మతో ఏదో చెబుతుంటే, నాతో అలా ఎప్పుడైనా నవ్వాడా అని లెక్కలు వేసుకునేదాన్ని. ఆమె జడ, ఆమె గాజుల చప్పుడు, చివరికి ఆమె పెట్టిన పప్పుచారు కూడా నాకు నచ్చేవి కాదు.

కొత్త రేజరు సుతిమెత్తనిది. కోత పడేది కాదు గాని, చుబుకం కింద రెండోసారి గీస్తే తప్ప గరుకు పోయేది కాదు. అది నేను కనిపెట్టాను. "చిన్నాయినా, గదవ కింద ఇంకా ఉన్నది. పాతదైతే ఒక్కపారే పోవు" అనేదాన్ని, చిన్నమ్మకు వినబడేలా. ఆమె నాకు జవాబు చెప్పేది కాదు. మా అమ్మ దగ్గరికి వెళ్లి, "ఆ పాతదాంతోని మొఖమంత గాట్లే అక్కా" అనేది, నాకు వినబడేలా. పాపం, చిన్నాన్న ఒకనాడు దానితో, ఒకనాడు దీనితో గీసుకుంటూ మా ఇద్దరి ముఖాలూ చూసేవాడు.

ఒక ఆదివారం తలుపు వేసుకుని గడ్డం గీసుకున్నాడు. అద్దం ఎవరినీ పట్టుకోనివ్వలేదు. బయటికి వచ్చి మా ఇద్దరినీ పిలిచాడు.

"ఎడమ చెంప పాతదాంతోటి గీసిన. కుడి చెంప కొత్తదాంతోటి. చేయి పెట్టి చెప్పుండ్రి, ఏది నున్నగున్నదో."

నేను రెండు చెంపలూ తడిమి, ఎడమదే నున్నగా ఉందన్నాను. కుడివైపు ఇసుక కాగితంలా ఉందని కూడా చెప్పాను. చిన్నమ్మ కుడిదే నున్నగా ఉందంది. ఎడమవైపు ముళ్లు గుచ్చుకుంటున్నాయంది. ఇద్దరం పంతంగా ఆయన వంక చూశాం.

"రెండు దిక్కులా ఒక్కదాంతోనే గీసిన" అన్నాడు చిన్నాన్న.

దేనితో అని అడిగాను. "చెప్ప. చెప్తే ఒకళ్లు గెలుస్తరు, ఒకళ్లు ఓడుతరు" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. చిన్నమ్మ తల వంచుకుని లోపలికి వెళ్లింది. నాకు సిగ్గేసింది. కానీ కుళ్లు మాత్రం పోలేదు. ఆ ఇసుక గరుకు నా వేళ్లకు నిజంగానే తగిలింది మరి.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గని సైరను ఆగకుండా మోగింది. లోపల మంట లేచిందన్నారు. చిన్నాన్న తింటున్న కంచం వదిలేసి పరుగెత్తాడు. మా అమ్మ గని దగ్గరికి వెళ్లింది. ఇంట్లో నేనూ, చిన్నమ్మా మిగిలాం. చాలాసేపు చెరో గుమ్మంలో కూర్చున్నాం. చివరికి ఆమే లేచి వచ్చి నా పక్కన కూలబడింది.

"గోదారి పొంగినప్పుడు మా నాయిన పడవేసుకొని పోతే గిట్లనే కూసునేటోళ్లం" అంది. అప్పుడే మొదటిసారి చూశాను, ఆమె మా పక్కింటి అక్క కంటే పెద్దదేమీ కాదు.

నా వైపు తిరిగి అంది: "పెండ్లయిన కాడి నుంచి ఆయన నోట నీ పేరే. నా బిడ్డ గట్లంటది, నా బిడ్డ గిట్లంటదని. ఈ ఇంట్ల నాకంటూ ఒక్క పనన్న లేదు. అద్దమన్న పట్టుకుందామనుకున్న. నిన్ను జూస్తే కడుపు మండేది బిడ్డా."

నా మీద అసూయ పడేవాళ్లు ఉంటారని నాకు తెలియదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాక్కూడా అంతే అన్నాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

పొద్దుగూకే వేళకు చిన్నాన్న నడిచి వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు మసి. మాస్కు ఉన్నంత మేర మాత్రం ముఖం తెల్లగా, శుభ్రంగా, అంచు గీసినట్టుంది. లోపల చిక్కుకున్నవాళ్లంతా బయటికి వచ్చారని చెప్పి, మమ్మల్ని అలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉండగా చూసి, అరుగు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ నీళ్లు తెచ్చింది, నేను పోశాను.

ఇప్పుడు నాకూ మనవరాలుంది. సెలవులకు వచ్చినప్పుడు అది నన్ను దాటుకుని మా వియ్యపురాలి ఒళ్లోకి దూకితే, ఇంత వయసులోనూ లోపల చురుక్కుమంటుంది. అప్పుడు లేచి వెళ్లి వియ్యపురాలి పక్కనే కూర్చుంటాను. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఎట్లున్నవు వదినా అని అడుగుతాను. ఆమె చెప్పడం మొదలుపెడితే చాలాసేపు చెబుతుంది.