హాలంతా కూర్చున్న సాయంత్రం

సంగీతశాల తలుపు దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషిని అందరూ తలుపుల మామయ్య అనే పిలిచేవారు. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, జనం కాళ్ళ చప్పుడు విని లోపల ఎంతమంది పట్టారో చెప్పేవాడు. తాగి వచ్చినవాణ్ణి చెయ్యి వెయ్యకుండా, ఒక్క చూపుతో ఇంటికి పంపేవాడు. పేరుమోసిన గాయకులు వచ్చారు, పెద్దపెద్ద బృందాలు వచ్చాయి, ఆయన కాపలాలో ఒక్క ప్రాణికి దెబ్బ తగిలింది లేదు. ఈ మాట యజమానే పదిమందిలో అన్నాడు.

ఒకటే లోటు. పాట మొదలయ్యాక జనం వైపు తిరిగి, వేదికకు వీపు పెట్టి నిలబడటమే ఆయన ఉద్యోగం. అంతమంది మహానుభావులు పాడుతుంటే ఆయన చూసింది వినేవాళ్ళ ముఖాలే.

ఇప్పటి కుర్రకారు పాత బృందాల మాటెత్తితే ముందు చెప్పేది నలుగురు అన్నదమ్ముల బృందం. అందులోనూ, హాలంతా నేలమీద కూర్చుని వాళ్ళ పేరుమోసిన పడవ పాట విన్న సాయంత్రం. "ఆ ఒక్కరోజు అక్కడుంటే చాలు, జన్మ ధన్యం" అంటారు. అది బృందంవాళ్ళు కావాలని చేసిన గొప్ప ఏర్పాటనే అందరి నమ్మకం.

ఆ సాయంత్రం నాటికి మామయ్య ఇంకా పడుచువాడే. భార్య కడుపుతో ఉంది.

"పెళ్ళయిన కాణ్ణుంచీ మీ తలుపు గొప్పలు వినడమే గానీ లోపలేముందో నేనెరగను. పడవ పాట వినాల్సిందే" అంది ఆమె.

"జనం ఎగబడతారే."

"జనాన్ని ఆపేది నా మొగుడే కదా. ఇంక భయమేంటి?"

ఆ మాటకు ఉబ్బిపోయాడు. తనే దగ్గరుండి ఆమెను వేదిక ముందున్న ఇనుప రెయిలింగు దగ్గర నిలబెట్టాడు. ఎవరూ అడ్డురాని చోటు అనుకున్నాడే గానీ, తప్పుకోవడానికి కూడా చోటులేనిది అదేనని జనాన్ని కాయడమే పనైనవాడికీ తోచలేదు.

మూడో పాట సగంలో ఉండగా పక్క గేటు విరిగింది. బయట మిగిలిపోయినవాళ్ళంతా లోపలికొచ్చేశారు. కాసేపటికి మామయ్య చెవి ఒగ్గాడు. కాళ్ళ చప్పుడు లేదు. అడుగు తీసి వేసే సందు ఎవరికీ లేదు. హాలు నడుమ చేతులెత్తి చప్పట్లు కొట్టినవాళ్ళు ఆ చేతుల్ని దించలేకపోతున్నారు. గాలికి చేను ఊగినట్టు జనం ఒక్కతీరుగా ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. రెయిలింగు దగ్గర భార్య తల ఒకసారి కనిపించింది, మళ్ళీ కనిపించలేదు.

తర్వాతిది పడవ పాట. దాని డ్రమ్ము మోగగానే వెనకవాళ్ళు ఒక్క ఉదుటున ముందుకు దూకుతారు.

పక్క నడవాలోంచి పరుగెత్తి వేదిక వారకు చేరాడు. పాట ముగించి చెమట తుడుచుకుంటున్న బృందం పెద్దన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యా, ఆ పాట ఎత్తుకోకండి."

"వీళ్ళొచ్చిందే దానికోసం. పాడకపోతే హాలు పీకి పందిరేస్తారు."

మామయ్య ఆ చెయ్యి వదలకుండా ముందు వరస చూపించాడు. "నా భార్య రెయిలింగు దగ్గరుంది. వట్టి మనిషి కాదు" అన్నాడు.

పెద్దన్న ముందు వరస కేసి చూశాడు.

"ఏం చెయ్యమంటావు?"

"కూర్చోబెట్టాలి. ముందువాళ్ళను కాదు. వాళ్ళు కూర్చుంటే వెనకవాళ్ళు మీద పడతారు. వెనక గోడ దగ్గర్నుంచి రావాలి."

"వెళ్ళు. నువ్వు చెయ్యెత్తిందాకా గొంతు విప్పను."

మామయ్య వెనక్కి చేరేసరికి ఈలలు, కేకలు. మైకులో పెద్దన్న నిదానంగా అన్నాడు. "గోడ దగ్గరున్న అన్నలూ, పడవ బరువు వెనకుంటేనే కదులుతుంది. ముందు మీరు కూర్చోవాలి."

"మా బావ కూర్చుంటే మళ్ళీ లేవలేడండీ" అన్నారెవరో. నవ్వులు లేచాయి. కొందరు కూర్చున్నారు. కొందరు "ముందు పాడమనండి" అని మొండికేశారు. ఒక్క చూపుతో మనుషుల్ని ఇంటికి పంపినవాడు ఆవేళ ఒక్కొక్కరి గడ్డం పట్టుకున్నాడు. "కూర్చో నాయనా, నీ కాళ్ళు మొక్కుతా" అన్నాడు. భుజాలు పట్టి కిందికి నొక్కాడు. వరస వెనక వరస కుంగింది. హాలు నడుమ ఇరుక్కున్న చేతులు కిందికి దిగాయి.

మామయ్య చెయ్యెత్తాడు.

డ్రమ్ము లేకుండా, వట్టి గొంతులతో పాట మొదలైంది. మామయ్య ఇప్పుడు వెనక్కి తిరిగి వేదికను చూడవచ్చు. చూడలేదు. ఎవడు లేస్తాడో అని గోడ దగ్గరి మనుషుల మీంచి కళ్ళు తిప్పితే ఒట్టు.

జనం వెళ్ళిపోయాక రెయిలింగు కేసి పరుగెత్తాడు. ఆమె నేలమీదే ఉంది. ఇనుప కడ్డీని పట్టుకున్న వేళ్ళు విడిరావడం లేదు. పొట్టకు అడ్డం పెట్టుకున్న రెండో చేతిమీద కడ్డీ వాత ఎర్రగా తేలింది.

"పాట అయిపోయిందే. ఇంక వదులు."

"ఏం పాట? మీరు కనపడలేదు. కాళ్ళకింద పడిపోయారనుకున్నా."

ఆయన పక్కనే కూలబడ్డాడు. అడగడానికి భయపడుతూనే అడిగాడు. "లోపల కదులుతోందా?"

"గేటు విరిగినప్పట్నుంచీ లేదు."

ఇద్దరూ అక్కడే కూర్చుని ఎదురుచూశారు. ఊడ్చే ఆవిడ చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. యజమాని వచ్చి ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయాడు. ఒక్కో దీపం ఆరుతోంది. వేదిక మీది దీపం ఒక్కటే మిగిలినప్పుడు ఆమె ఆయన అరచేతిని లాగి పొట్టకు అదుముకుంది.

"తన్నింది" అంది.

ఆయన లేవబోయాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఉండండి. ఇంకోసారి తన్ననివ్వండి. అప్పుడు లేద్దాం."